మొదటి చుట్టు మామయ్యది

మా మామగారి చేతులు వణకవు. వణికేది గ్లాసు. ఈ మధ్య అమ్మే గాజు మరీ పలచనట, అందుకని టీ దానంతట అదే ఒలుకుతుంది. చొక్కా గుండీ పట్టకపోతే దర్జీ తప్పు. పులుసులోని కుబ్బే, అదే మాంసం కూరిన రవ్వ ఉండ, చెంచా మీంచి జారిపడితే నేను దాన్ని సరిగ్గా చుట్టకపోవడం. రెండేళ్లుగా మా ఇంట్లో ఆయన చేతులు తప్ప అన్నీ వణుకుతున్నాయి. ఆయన రాతిమేస్త్రీ. యెరూషలేములో తిన్నగా నిలబడ్డ గోడలన్నీ తను కట్టినవే అంటారు, వంకరవి వేరేవాళ్లవి. అలాంటి చేతుల మీద నింద వెయ్యడానికి, చరిత్రలో బి.ఏ. చదివి ఉల్లిపాయలు తరుక్కునే నాకు అర్హత ఎక్కడిది?

గ్లాసు సంగతైతే సర్దుకుంటాం, తుడిచేస్తే పోతుంది. నా భయమంతా సిమ్హత్ తోరా పండగ గురించి.

ఏడాది పొడవునా వారానికి ఇంతని చదువుకుంటూ వచ్చిన మా యూదుల ధర్మగ్రంథం తోరా ఆ రోజుతో పూర్తవుతుంది. పూర్తయిన నిమిషంలోనే మళ్లీ మొదటి వాక్యం ఎత్తుకుంటాం. చివర్న మోషే పోయాడని కళ్లు తుడుచుకునే వ్యవధి కూడా ఉండదు, అప్పుడే ఆకాశమూ భూమీ మొదలైపోతాయి. ముగిసిందన్న సంతోషమూ, ముగియలేదన్న సంతోషమూ రెండూ కలిసి అందరికీ కాళ్లలోకి దిగుతాయి. మందిరంలో ఉన్న, తోలు మీద రాసిన తోరా చుట్టలన్నీ బయటికి తీసి, పసిబిడ్డల్లా గుండెకు హత్తుకుని, మగవాళ్లు పాడుతూ ఏడు చుట్లు తిరుగుతారు. పై వరండాలోంచి ఆడవాళ్లం మిఠాయిలు విసురుతాం. పిల్లలు వాటికోసం పెద్దవాళ్ల కాళ్లమధ్య దూరుతారు.

కుర్దుల కొండల నుంచి వచ్చిన మావాళ్ల మందిరంలో పగటి పూట మొదటి చుట్టు మా మామగారు రహమీమ్‌ది. చేతుల్లో ఆయన తోరానే. జాఖో పట్నం పక్క కొండల్లో ఉన్న మావాళ్ల ఊరు మొత్తం ఖాళీ అయి ఇక్కడికి వచ్చేటప్పుడు, ఇరవై ఏడేళ్ల ఆయన ఆ చుట్టని మా అత్తగారి పెళ్లి బొంతలో చుట్టి వీపున కట్టుకుని లారీ ఎక్కారట. బొంత పాడైపోయిందని అత్తగారు పోయేదాకా గుర్తు చేస్తూనే ఉన్నారు. ఇక్కడికొచ్చాక దానికి గుండ్రటి చెక్క పెట్టె చేయించి, వెండి తొడుగు వేయించి, పైన రెండు వెండి దానిమ్మకాయలు నిలబెట్టారు. వాటి చుట్టూ చిరుగంటలు. పెట్టె, చుట్ట, దానిమ్మకాయలు అన్నీ కలిపి పద్దెనిమిది కిలోలు.

తోరా చుట్ట కింద పడితే చూసిన ప్రతివాళ్లూ నలభై పగళ్లు ఉపవాసం ఉండాలి. మావాళ్ల ఆనవాయితీ అది. పడేసిన మనిషికి వేరే శిక్ష అక్కర్లేదు. నలభై రోజులపాటు సాయంత్రం దాకా ఆకలితో ఉన్న నూట ఇరవై ముఖాలు అతన్ని చూస్తాయి, అంతే.

పండగ ముందురోజు పొద్దున్నే మందిరం పెద్ద జకాయ్ మా ఇంటికి వచ్చాడు. బాల్కనీలో ఈ పండగ వారానికని వేసిన ఈతాకుల పందిట్లో కూర్చుని, మామగారి గది తలుపు మూసే ఉందని రెండుసార్లు చూసుకుని, అప్పుడు గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా హబీబా, నీకు తెలుసుగా నాకు షుగరని."

"తెలుసు. అందుకే టీలో చక్కెర వెయ్యలేదు."

"టీ గురించి కాదమ్మా. నలభై రోజులు పస్తుంటే నేను బతుకుతానా?"

"ఏం పడిందని పస్తు?"

"పడలేదు. రేపు పడుతుంది. పోయిన శనివారం మీ మామగారు ప్రార్థన పుస్తకం పట్టుకుంటే నేను చూశాను. పేజీలు వాటంతట అవే తిరుగుతున్నాయి. పుస్తకమే అట్లా ఉంటే..."

"మీరే చెప్పండి ఆయనకి. పెద్దవారు కదా."

"చెప్పాను. 'నీ కళ్లద్దాలు మార్చుకో జకాయ్, నీకు లోకమంతా ఊగుతున్నట్టుంది' అన్నాడు. నిరుడు మొదటి చుట్టులో నా గుండె నా నోట్లో ఉంది. ఇంకో ఏడాది దాన్ని అక్కడ ఉంచుకోలేను."

నా భర్త షబ్తాయ్ కూడా పందిట్లోనే ఉన్నాడు కాసేపటి క్రితం వరకూ. ఈ మాట ఎత్తుతారని ఊహించగానే కొత్తిమీర కొనాలంటూ మార్కెట్టుకి వెళ్లిపోయాడు. వాళ్ల నాన్నతో కష్టమైన మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒక సరుకు నిండుకుంటుంది.

అప్పుడు నేను అన్నాను. నవ్వులాటకే అన్నాను.

"అంత భయమైతే లోపలి చుట్ట తీసి తోరాల బీరువా అడుగు అరలో పడుకోబెట్టండి. ఖాళీ పెట్టె ఇవ్వండి మామయ్యకి. బరువూ సగం తగ్గుతుంది. పడినా చెక్కే కదా, చెక్కకి ఎవరూ ఉపవాసం ఉండరు."

జకాయ్ నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, గడ్డం నిమురుకుని, నా వంక చూశాడు.

"చదువుకున్న ఆడది ఇంట్లో ఉండాలనేది ఇందుకే," అన్నాడు.

అక్కడే నేను, "అయ్యో, హాస్యానికి అన్నానండీ" అనాల్సింది. అనలేదు. పెళ్లయి పందొమ్మిదేళ్లలో నా తెలివిని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయన. ఆ మెప్పు ఇంకో నిమిషం ఉంటుందేమోనని నోరు మూసుకున్నాను. ఆ నిమిషంలో ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సాయంత్రం పండగ దీపాలు వెలిగించడానికి గంట ముందు జకాయ్ మా వీధిలోంచి పోతూ వంటింటి కిటికీ కింద ఆగాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ కొంచెం పైకి లాగి చూపించి, మళ్లీ లోపలికి తోసి, తల ఊపాడు. నేను పొయ్యి మీద కుబ్బే పులుసు కలుపుతున్నాను. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఒక తమాషా మాట జరిగిపోయిన పనిగా మారడానికి పట్టింది ఒక్క పగలు.

షబ్తాయ్‌కి చెప్పలేదు. చెబితే వద్దంటాడు. అంటే మళ్లీ ఎవరో ఒకరు మామగారితో మాట్లాడాలి. అప్పుడు మా ఇంట్లో ఉప్పు కూడా నిండుకుంటుంది.

తెల్లారింది. షబ్తాయ్ పిల్లలిద్దరినీ తీసుకుని ముందే వెళ్లాడు. మామగారు తెల్లచొక్కా వేసుకుని గుండీలతో పోరాడుతున్నారు. "నేను పెట్టనా" అంటే, "ఈ దర్జీకి కళ్లు కనపడవు, వాడికి పెట్టు" అన్నారు. పది నిమిషాలు పట్టింది. నేను గుమ్మం దగ్గర, చూడనట్టు నిలబడ్డాను.

వీధిలో ఆయన నా చెయ్యి పట్టుకోరు. నా చేతిసంచీ రెండో పిడి పట్టుకుంటారు, నాకు మోయడంలో సాయం చేస్తున్నట్టు. సంచీలో మిఠాయిల పొట్లం, నా ప్రార్థన పుస్తకం తప్ప ఏమీ ఉండవు. ఇద్దరం ఆ బరువు మోసుకుంటూ నడిచాం. ఎదురొచ్చినవాళ్లంతా "పండగ శుభం రహమీమన్నా! కాళ్లు సిద్ధమేనా?" అని అడుగుతున్నారు. ఆయన ప్రతివాడికీ, "నా కాళ్లు సిద్ధమే, నీ గొంతు చూసుకో" అంటున్నారు. చెప్పేద్దామా అని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు ఎదురొస్తున్నారు. ఎవరూ ఎదురురానప్పుడు నా నోరే తెరుచుకోలేదు.

మందిరం సందు మలుపు దగ్గర ఆయన ఆగారు. ఆయాసం తీర్చుకుంటున్నారనుకున్నాను.

"అమ్మాయ్, ఒక మాట. ఎవరితోనూ అనకు."

"చెప్పండి మామయ్యా."

"ఇదే ఆఖరు. వచ్చే ఏడాది నుంచి మొదటి చుట్టు షబ్తాయ్‌ది. ఇవాళ చుట్టు పూర్తవగానే వాడి చేతుల్లో పెట్టేస్తాను, అందరి ముందూ."

ఎవరన్నా వింటున్నారేమోనని ఆయన వీధి అటూ ఇటూ చూసుకున్నారు.

"జకాయ్‌కి మాత్రం చెప్పకు. తన మాట విన్నానని ఊరంతా డప్పు కొడతాడు. వాడు చెప్పాడని కాదు. నేనే అనుకున్నాను." సంచీ పిడి సర్దుకున్నారు. "ఇంకొక్కసారి దాని బరువు చూసుకోవాలనిపించింది. అంతే."

ఆయన మగవాళ్ల గుమ్మంలోకి వెళ్లేదాకా ఆగి, నేను పెరట్లోకి పరుగెత్తాను. జకాయ్ అక్కడ పిల్లలకి కాగితపు జెండాలు పంచుతున్నాడు. పక్కకి పిలిచాను.

"చుట్ట మళ్లీ పెట్టెలో పెట్టెయ్యండి. ఇప్పుడే."

"ఏమైంది?"

"ఏమైతే ఏం? పెట్టెయ్యండి!"

"ఎట్లా పెడతాను చెల్లెమ్మా? పెట్టె మూసి నాలుగు మరలు బిగించాను. పండగ రోజున మర తిప్పకూడదు. తిప్పితే అది నిర్మాణం కింద లెక్క. నిన్న సూర్యుడు ఉండగా అడిగి ఉంటే..."

"అయితే వేరే చుట్ట ఇవ్వండి ఆయనకి."

"ఏమని చెప్పి? 'నీది బాగాలేదు, ఇది పట్టుకో' అని చెప్పనా? తన పెట్టెకి ఏమైందోనని తనే ఎత్తి చూస్తాడు." జకాయ్ ముఖం కూడా పాలిపోయింది. రాత్రి ఆయనా నిద్రపోయినట్టు లేడు. "పది నిమిషాల పని. ఒక్క చుట్టు. మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు పైకి వెళ్లి ప్రార్థన చేసుకో."

"దేనికని ప్రార్థించను? ఆయనకి తెలియకూడదనా, తెలియాలనా?"

"ఏదైతే తొందరగా అయిపోతుందో దానికి," అన్నాడు జకాయ్.

పై వరండాలో చెక్క జాలీ ముందు నాకు చోటు దొరికింది. పక్కన మా వీధి నయీమా పిన్ని, ఒళ్లో మూడు నెలల మనవరాలు. పిన్ని కూతురికి పెళ్లయిన పదకొండేళ్ల తర్వాత పుట్టిన బిడ్డ అది. పిన్ని బిడ్డని చూస్తూ, బిడ్డ మెడలోని దిష్టి నీలిపూసని సర్దుతూ, ఆగకుండా మాట్లాడుతోంది.

"ఏడో నెలలో కూతురు ఆస్పత్రిలో ఉన్నప్పుడే మొక్కుకున్నానే హబీబా. బిడ్డ బతికితే సిమ్హత్ తోరా నాడు మీ మామగారి తోరాకి దీని చెయ్యి తగిలిస్తానని. మా ఊరిదే కదా అది. నా పెళ్లికి కూడా అదే తోరా. నువ్వేంటి, అంత తెల్లగా ఉన్నావు? పొద్దున ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను పిన్నీ."

"అబద్ధం. ఇదిగో, ఈ ఖర్జూరం తిను."

తిన్నాను.

కింద పరదా తీశారు. ఐదు పెట్టెలు బీరువాలో నిలబడి మెరుస్తున్నాయి. జకాయ్ మా పెట్టెని తనే రెండు చేతులతో ఎత్తి, పాపం, బరువుగా ఉన్నట్టు మూలిగాడు కూడా. నటన అంత బాగాలేదు. షబ్తాయ్ తండ్రి వెనక్కి వచ్చి, నడక నేర్చుకునే పిల్లాడి వెనక నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి నిలుచున్నాడు. మామగారు కళ్లు మూసుకుని, మోకాళ్లు కొంచెం వంచి, నడుము బిగించి, పద్దెనిమిది కిలోలకి సిద్ధమై చేతులు చాచారు.

నిండుగా ఉందనుకుని ఎత్తిన బిందె ఖాళీది అయితే చెయ్యి ఎలా పైకి లేచిపోతుందో నాకు తెలుసు. పెట్టె ఆయన చేతుల్లో అలాగే ఎగిరింది. గంటలు గల్లున మోగాయి. షబ్తాయ్ ఒక్క అడుగు ముందుకు దూకాడు. పెట్టె పడలేదు.

ఆయన కళ్లు తెరిచారు. పెట్టెని ఒకసారి ఎడమ చేతి మీదికి, ఒకసారి కుడి చేతి మీదికి వాల్చారు, రాయిని తూకం చూసే పద్ధతిలో. జకాయ్ వంక చూశారు. జకాయ్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఇలాంటి ఉపాయం జకాయ్ బుర్రకి తట్టదని ఆయనకి తెలుసు. ఆయన చూపు అక్కడి నుంచి పైకి, జాలీ వైపుకి వచ్చింది. నేను వెనక్కి తగ్గాను. జాలీ వెనక మనిషి కింద నుంచి కనపడదని తెలిసీ తగ్గాను.

ఇప్పుడు అరుస్తారనుకున్నాను. పెట్టె బల్ల మీద పెట్టి వెళ్లిపోతారనుకున్నాను. ఆయన పాట ఎత్తుకున్నారు.

నూట ఇరవై గొంతులు అందుకున్నాయి. చప్పట్లు మొదలయ్యాయి. పిల్లలు జెండాలు ఊపుతున్నారు. ఆడవాళ్లు మిఠాయిలు విసురుతున్నారు. చుట్టు కదిలింది. లోపలి బరువు లేకపోవడంతో ఆయన చేతుల వణుకు ఆ పెట్టెలోకి నేరుగా పాకింది. గంటలు ఒక్క క్షణం కూడా ఆగడం లేదు. నిరుడు ఇట్లా మోగలేదు. పాట మధ్యలో, చప్పట్ల మధ్యలో నాకు ఆ గంటలే వినపడుతున్నాయి. ఆయన చెయ్యి ఎంత వణుకుతుందో మందిరమంతా చెవులారా వింటోంది. దాచాలనుకున్న దాన్ని దండోరా వేయించింది నేనే.

తర్వాత ఇంకొకటి గమనించాను. దారికి ఇటూ అటూ నిలబడ్డవాళ్లు ఎప్పటిలాగే పెట్టెని తాకి వేళ్లు ముద్దు పెట్టుకోవడానికి చేతులు చాస్తున్నారు. ఆయన ఒక్కరినీ తాకనివ్వడం లేదు. చెయ్యి వచ్చినవైపు భుజం అడ్డం పెడుతున్నారు. ఇటు చెయ్యి వస్తే అటు తిరుగుతున్నారు, అటు వస్తే ఇటు. చూసేవాళ్లకి ఆట లాగే ఉంది, కానీ ఎవరికీ అందడం లేదు.

"ఏంటీ మనిషి?" అంది వెనక వరసలో ఎవరో. "ముట్టుకుంటే అరిగిపోతుందా?"

"వయసొచ్చేకొద్దీ పొగరు," అంది ఇంకొకామె. "తోరా అంటే తన సొంతం అనుకుంటున్నాడు."

నాకు అర్థమైంది. ఖాళీ చెక్కకి జనం ముద్దు పెట్టకుండా ఆయన కాపలా కాస్తున్నారు. ఆ చెక్క ఖాళీ అని ఎవరికీ తెలియకుండానూ కాపలా కాస్తున్నారు. రెండూ కలిపి చెయ్యాలంటే పొగరుబోతు అనిపించుకోవడమే దారి. ఆయన అనిపించుకుంటున్నారు. నుదుటి మీద చెమట దిగి కళ్లలోకి పోతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తన ఆఖరి చుట్టు అది.

చుట్టు చివర్న ఆనవాయితీ ప్రకారం తోరా ఆడవాళ్ల మెట్ల దగ్గర ఆగుతుంది. నయీమా పిన్ని అప్పటికే బిడ్డని ఎత్తుకుని దిగుతోంది. "పిన్నీ, ఆగు," అన్నాను. వినలేదు. నేనూ వెనకే దిగాను.

మెట్ల కింద మామగారు నిలబడి ఉన్నారు. పిన్ని బిడ్డ పిడికిలి విప్పి, ఆ చిన్న అరచేతిని వెండి వైపు చాపింది. ఆయన తిరిగిపోయారు.

"రహమీమన్నా, నేనే. నయీమాని. ఒక్కసారి అన్నా, దీని మొక్కు."

ఆయన వీపు మా వైపే ఉంది. గంటలు మోగుతున్నాయి.

"వేరేదానికి తగిలించు నయీమా," అన్నారు తల తిప్పకుండా. "వెనక వస్తున్నాయి నాలుగు."

"నేను మొక్కింది మన ఊరి తోరాకి! ఊళ్లో మీ ఇంటి గోడా మా ఇంటి గోడా ఒకటి. మా అమ్మ చేతి రొట్టె తిని పెరిగావు. ఇవాళ నా బిడ్డ చెయ్యి నీకు మైలా?"

పాట చుట్టుపక్కల సన్నగిల్లింది. షబ్తాయ్ వచ్చి, "నాన్నా, ఏంటిది? పసిబిడ్డ కదా, తిరుగు," అన్నాడు. మామగారు తిరగలేదు. జకాయ్ గుంపు వెనక నుంచి నాకు చేతులతో సైగలు చేస్తున్నాడు, మాట్లాడొద్దని. పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూడండయ్యా, అందరూ చూడండి," అంది. "పదకొండేళ్లకి పుట్టిన బిడ్డని ఈ మనిషి..."

"అనను," అన్నారు మామగారు, ఎవరితోనో తెలియకుండా. "నేనేమీ అనను. మీరనుకునేది అనుకోండి."

ఆ 'అనను' నాకే. ఆయన నన్ను చూడటం లేదు, కానీ నాకే. కోడలి మాట బయట పెట్టకుండా ఇంటికి వెళ్లేదాకా, బహుశా చనిపోయేదాకా మొయ్యగలరు ఆయన. అది పద్దెనిమిది కిలోల కంటే ఎక్కువే.

ఆఖరి మెట్టు మీద నిలబడ్డాను. మగవాళ్లంతా మా వైపే చూస్తున్నారు. మా మందిరంలో ఆ వేళ ఆడగొంతు పైకి లేవడం ఎప్పుడూ వినలేదు. నాది లేచింది.

"పిన్నీ, మామయ్యని ఏమీ అనకు. అది ఖాళీ పెట్టె. లోపల తోరా లేదు."

పాట పూర్తిగా ఆగింది. జకాయ్ కళ్లు మూసుకున్నాడు.

"చుట్ట బీరువాలో ఉంది. మామయ్య పడేస్తారని భయపడి తీయించాం. ఆ ఆలోచన జకాయ్‌ది కాదు, నాది. మామయ్యకి చెప్పలేదు. చేతిలోకి తీసుకోగానే ఆయనకి తెలిసిపోయింది. అయినా మీ ముద్దులు చెక్కకి పోకుండా అడ్డం తిరుగుతూ వచ్చారు. మీరంతా తిడుతుంటే నేను పైనుంచి వింటూ ఊరుకున్నాను."

మామగారు అప్పుడు నా వైపు తిరిగారు. ముఖమంతా చెమట.

"ఊరుకో అమ్మాయ్," అన్నారు.

"ఊరుకోను మామయ్యా. మిమ్మల్ని అడగకుండా మీ తోరా మీ చేతుల్లోంచి తీసేశాను. నేను చేసింది తప్పు."